వాండర్‌ఫోగెల్ దారిలో, మేనకోడలి వెంట

అక్టోబరు 3, స్టేగ్లిట్స్ (బెర్లిన్)

దసరా మర్నాడు. చెల్లెలు డబ్బాలో పెట్టిచ్చిన పులిహోర ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మధ్యాహ్నం మాకు పస్తే. అక్టోబరు 3 జర్మనీకి జాతీయ సెలవు. 1990లో తూర్పు, పడమర జర్మనీలు ఒకటైన రోజు. మైకులు, తోరణాలు ఏమీ కనపడలేదు గానీ దుకాణాలు మాత్రం వరసగా మూసేశారు. స్టేగ్లిట్స్ టౌన్‌హాలు మెట్ల మీద కూర్చుని నేనూ మేనకోడలూ చల్లారిన పులిహోర తింటుంటే, కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగి, డబ్బా వంక చూసి, "గూటెన్ అపెటిట్" అనేసి వెళ్ళింది. ముక్కూమొహం తెలియకపోయినా, తింటున్నవాళ్ళు ఎదురైతే ఆ మాట అనడం అక్కడి మర్యాద.

మేనకోడలికి పద్నాలుగేళ్ళు. కాసెల్‌లో పుట్టి పెరిగింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది, కోపమొస్తే మాత్రం జర్మన్‌లోకి దిగుతుంది. అక్కడి స్కౌట్ గ్రూపులో ఉంది, వాళ్ళ లీడర్ వయసు పదిహేడు. పిల్లల హైకింగ్ పుట్టిన చోట్లు చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. సోమవారం నుంచి దానికి శరత్కాలం సెలవులు. దుబాసీగా వస్తావా అంటే, "దుబాసీగా కాదు మావయ్యా, లీడర్‌గా వస్తా. మ్యాప్ నా చేతిలో ఉంటుంది, నువ్వు వెనకాల నడవాలి" అంది. ఒప్పుకున్నాను.

టౌన్‌హాలు ఎర్ర ఇటుకల కట్టడం. దాని వెనకాలే ఆకాశహర్మ్యం ఒకటి, లోపలి ఆస్బెస్టాస్ పీకేశాక అస్థిపంజరంలా మిగిలి, ఏళ్ళ తరబడి అపార్ట్‌మెంట్లుగా మారబోతూ ఉంది. టౌన్‌హాలు కట్టినప్పుడు స్టేగ్లిట్స్ బెర్లిన్ పక్కన వేరే ఊరు. 1920లో గానీ నగరంలో కలవలేదు. ఈ భవనం నేలమాళిగలోని హోటల్లో 1901 నవంబరు 4న కొద్దిమంది కూర్చుని 'వాండర్‌ఫోగెల్' అని కుర్రకారు నడక సంఘం పెట్టారు. అంటే వలసపక్షి. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో తన మొదటి క్యాంపు పెట్టింది 1907లో. ఆయన కంటే వీళ్ళు ఆరేళ్ళు ముందున్నారు.

నిజానికి కథ 1896లోనే మొదలైంది. హెర్మన్ హోఫ్‌మన్ అని యూనివర్సిటీ కుర్రాడు స్టేగ్లిట్స్ హైస్కూల్లో పిల్లలకు షార్ట్‌హ్యాండ్ నేర్పేవాడు. క్లాసు అయ్యాక వాళ్ళను వెంటేసుకుని పక్కనున్న గ్రూనెవాల్డ్ అడవికి వెళ్ళేవాడు. 1897లో హార్ట్స్ కొండలు, 1899లో ఏకంగా కొన్ని వారాలపాటు బొహీమియా అడవులు. మాస్టారు ముందు, పిల్లలు వెనక వరసగా నడిచే స్కూలు విహారం కాదది. వంట వాళ్ళే చేసుకోవాలి, రాత్రికి ఏ రైతు గడ్డివామిలోనో చోటు వాళ్ళే అడుక్కోవాలి. హోఫ్‌మన్ ఉద్యోగం మీద కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళిపోతే కార్ల్ ఫిషర్ అందుకున్నాడు. సంఘం ఫిషర్ హయాంలో పుట్టిందే.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అప్పట్లో బడిపిల్లలు సంఘాలు పెట్టుకోకూడదు, అది నిషేధం. అందుకని ఫిషర్ తల్లిదండ్రుల్నీ ఊరి పెద్దమనుషుల్నీ పోగేసి, 'విద్యార్థి యాత్రల కమిటీ' అని వాళ్ళ పేర్లు రాయించాడు. పెద్దల పోరు పడలేక పిల్లలు పెట్టుకున్న సంఘం కాగితాల మీద పెద్దలదే! మేనకోడలికి ఇది చెబితే ఆశ్చర్యపోతుందనుకున్నాను. "మాదీ అంతే మావయ్యా. సంతకం అమ్మది, కష్టం మాది" అంది.

సాయంత్రం గ్రూనెవాల్డ్‌లో నడిచాం. అడవి అనగానే నాకు శ్రీశైలం దారి గుర్తొస్తుంది. ఇది వేరే రకం. సరుగుడు తోటలా నిటారుగా పైన్ చెట్లు, కింద ఇసక నేల, మధ్యమధ్య సరస్సులు. దారి పక్కన నేల అంతా తిరగేసినట్టుంది, అడవిపందుల పని. క్రుమ్మె లాంకె సరస్సుకని బయల్దేరితే, దారి రెండుగా చీలినచోట గుర్తు ఉన్న చెట్టు కూలిపోయి ఉంది. ఎడమకు తిరిగాం. ముప్పావుగంట నడిచాక వేరే సరస్సు వచ్చింది. "ఇది కూడా సరస్సే కదా" అంది లీడరమ్మ, మ్యాప్ మడుస్తూ. తిరిగొచ్చేసరికి తెరిచి ఉన్న కొట్టు ఒకే ఒక్కటి, టర్కీవాళ్ళ కెబాబ్ దుకాణం. ఆయనకు మేము ఇండియా వాళ్ళమని తెలియగానే అడక్కుండానే కారం దట్టించాడు. రొట్టెలో చుట్టిన ఫలాఫెల్ ఏడు యూరోలు, ఇద్దరికీ ఒకటి చాలింది.

అక్టోబరు 4, ఆల్టెనా

ఇది దేశానికి ఆ చివర, లెన్నె నది మలుపులో ఇరుక్కున్న చిన్న ఊరు. రెండు కొండల మధ్య నది, రోడ్డు, రైలుపట్టా, ఇళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. కొన్ని వందల ఏళ్ళుగా ఇక్కడివాళ్ళ వృత్తి ఇనప తీగ లాగడం. యోధుల గొలుసు కవచాల నుంచి కుట్టుసూదుల దాకా ఈ తీగే. ఊరి నెత్తిన కోట. కొండ కడుపులోంచి సొరంగం తవ్వి 2014లో కోటకు లిఫ్ట్ పెట్టారు. "లీడర్లు లిఫ్ట్ ఎక్కరు" అన్నది ఆ పిల్ల. ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు నా మోకాళ్ళ పుణ్యమా అని లిఫ్ట్.

ప్రపంచంలో మొట్టమొదటి శాశ్వత యూత్ హాస్టల్ ఈ కోటలోనే, 1912లో. ఆ గదుల్ని అప్పటి సామానుతో మ్యూజియంగా ఉంచారు. మంచాలు చూసి నేను కాసేపు కదల్లేదు. ఒకదాని మీద ఒకటి అంతస్తుల్లా లేపిన చెక్కమంచాలు. కాళ్ళు మన పెంకుటిళ్ళ దూలాలంత మందం. పలకల అంచులు, పిల్లలు పైకి ఎక్కడానికి పట్టుకునే చోట మాత్రం, అరిగి నున్నగా, మిగతా చెక్క కంటే ఒక ఛాయ నల్లగా ఉన్నాయి. పైమంచానికీ కప్పుకూ మధ్య పిల్లాడు పడుకోగలడు గానీ లేచి కూర్చోలేడు.

దీన్ని పెట్టింది రిచర్డ్ షిర్‌మన్ అనే బడిపంతులు. ఆల్టెనాలో చదువుకునేది ఫ్యాక్టరీ కూలీల పిల్లలు. పొగ, చీకటి ఇళ్ళు, దగ్గు. వాళ్ళను వీలైనప్పుడల్లా బయటికి నడిపించుకుపోయేవాడు, పాఠాలు కూడా నడుస్తూనే. 1909 ఆగస్టు 26న తన తరగతిని తీసుకుని ఆహెన్ దాకా నడకయాత్రలో ఉండగా బ్రోల్ అనే లోయలో పెద్ద ఉరుముల వాన పట్టుకుంది. ఒక పల్లెటూరి బడిలో తలదాచుకున్నారు. పిల్లలు గడ్డి మీద పడి నిద్రపోయారు. ఆయనకు పిడుగుల చప్పుడుకు నిద్రపట్టలేదు. అప్పుడు తట్టిందట: సెలవుల్లో దేశమంతా బళ్ళు ఖాళీయే కదా, ఒకరోజు నడక దూరానికొక బడి తెరిచి పెడితే పిల్లలకు ఎక్కడికెళ్ళినా పడక దొరికినట్టే. మొదట తన బడిలోనే బెంచీలు జరిపి గడ్డిపరుపులు వేశాడు. తర్వాత కోట.

నా లెక్కలో వాండర్‌ఫోగెల్ కంటే ఈ పంతులు చేసిందే పెద్ద పని. స్టేగ్లిట్స్ కుర్రాళ్ళు లాటిన్, గ్రీకు చదివే ఉద్యోగస్తుల పిల్లలు. వాళ్ళకు గడ్డివామిలో పడుకోవడం సరదా. ఆల్టెనా పిల్లలకు ఇంట్లోనే సరైన పడక లేదు. కొండగాలి వీళ్ళకూ కావాలని అనుకున్నవాడు షిర్‌మన్. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడితే ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. కులూకో గోవాకో ట్రెక్కింగ్‌కు పోయే మన తెలుగు కుర్రకారు చూసే యూత్ హాస్టల్స్ గుర్తు, ఇల్లూ దేవదారు చెట్టూ ఉన్న ఆ నీలి త్రికోణం, ఆ సమాఖ్యదే. నాజీలు వచ్చాక హాస్టళ్ళు వాళ్ళ యువజన విభాగం హిట్లర్ యూత్ చేతికి వెళ్ళాయి, ఆయన్ని పక్కకు తోసేశారు.

కోట ఆవరణలో ఇప్పటికీ హాస్టల్ నడుస్తోంది. దుప్పట్లు చేతికిచ్చారు, పరుచుకోవడం మన పని. పొద్దున ఖాళీ చేసేటప్పుడు ఊడదీసి గంపలో వెయ్యాలి. రాత్రి భోజనం ఆరింటికి. ఆరూ అయిదుకు వెళితే వడ్డించే ఆవిడ గోడ గడియారం వంక చూసి, మా వంక చూసి, ఏమీ అనలేదు. అనకపోవడమే గట్టిగా తగిలింది. బల్ల మీద రొట్టె, వెన్న, చీజ్ పలకలు, పులియబెట్టిన దోసకాయ ముక్కలు, కూజాలో ఎర్రటి టీ. గులాబీ కాయలతో కాచేది, పులుపు, పాలు పొయ్యరు. "దేశంలో ఏ హాస్టల్‌కి పోయినా ఇదే టీ మావయ్యా, తప్పించుకోలేవు" అంది. నేను నల్లకారం పొట్లం తీసి వెన్నరాసిన రొట్టె మీద చల్లుకున్నాను. ఎదురుగా డోర్ట్‌మున్డ్ నుంచి నడుచుకుంటూ వచ్చిన ముసలి దంపతులు. పెద్దాయన వేలితో కొంచెం అద్దుకుని నాలిక మీద వేసుకున్నాడు. మొహం కందగడ్డయింది. ఎర్ర టీ రెండు కప్పులు తాగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వేలు చాపాడు. లేచేముందు ఎవరి బల్ల వాళ్ళే తుడవాలి, పళ్ళెం వాళ్ళే తీసుకెళ్ళి పెట్టాలి. ఆయన మా బల్ల కూడా తుడిచాడు.

రాత్రి భోజనం, పొద్దుటి రొట్టె కలిపి మనిషికి యాభై యూరోల లోపు. మన డబ్బులో అయిదువేలు. బెర్లిన్ లాడ్జి దీనికి రెట్టింపు తీసుకుని టీ కూడా ఇవ్వలేదు.

అక్టోబరు 6, విట్సెన్‌హౌసెన్ నుంచి లుడ్విగ్‌స్టైన్

ఆదివారం కాసెల్‌లో చెల్లెలింట్లో బట్టలు ఉతుక్కోవడంతో సరి. సోమవారం వెరా నది ఒడ్డున ఉన్న విట్సెన్‌హౌసెన్ చేరాం. చెర్రీ తోటల ఊరు. ఏటా చెర్రీ రాణిని ఎన్నుకుంటారు. అక్టోబరులో చెర్రీలు ఎక్కడివి, నల్లరేగుపళ్ళ కేకు దొరికింది. రేగు అంటున్నాను గానీ నిజానికి ప్లమ్ జాతి, ఉడికితే చింతపండు రసం రంగు. ఊళ్ళో వ్యవసాయ కళాశాల ఉంది. 1898లో దాన్ని మొదలుపెట్టింది ఆఫ్రికా వలసలకు వెళ్ళే జర్మన్లకు సేద్యం నేర్పడానికి. ఆనాటి వారసత్వంగా గాజు ఇంట్లో అరటి, కాఫీ, కోకో పెంచుతున్నారు. చలిలో ఒణుకుతూ వెళ్ళి అరటిచెట్టు పక్కన నిలబడితే ప్రాణం లేచొచ్చింది. "అక్కడే ఉండిపో మావయ్యా, నేను కోటకు పోతా" అంది.

కోటకు నది వెంట నడక. చెట్లకు ఎక్స్5హెచ్ అని రంగుతో గుర్తులు. ఒక ఊరి చివర రోడ్డు పక్కన బల్ల, దాని మీద ఆపిల్ సంచులు, రేకుడబ్బా, సంచి రెండు యూరోలని రాసిన అట్ట. మనిషి లేడు. మేనకోడలు అయిదు యూరోల నోటు వేసి, డబ్బాలోంచి మూడు యూరోల చిల్లర తీసుకుంది. నాకు ఎవరైనా చూస్తారేమోనని ఒకటే టెన్షన్. "అందుకే కదా డబ్బాకి తాళం లేదు" అని ఆపిల్ కొరుక్కుంటూ ముందుకు పోయింది.

అడవిలో చెట్లు నరుకుతున్నారు, దారి మూసేసి అడ్డంగా రిబ్బను కట్టారు. పక్క దారి చూపించే బాణం గుర్తు ఏదో గాలికి తిరిగిపోయినట్టుంది. అది చెప్పినట్టు వెళ్తే ఒక పశువుల కొట్టంలో తేలాం. అక్కడ ట్రాక్టర్ మీదున్న రైతు, మా వేషాలు చూసి, ఇంజను ఆపి, దిగివచ్చి, కంచె తీగ పైకెత్తి పట్టుకున్నాడు, మమ్మల్ని దూరిపొమ్మని. మాటలు తక్కువ మనిషి. "కోట? పైకి" అన్నాడంతే.

లుడ్విగ్‌స్టైన్ కోటను 1415లో హెస్సె ప్రభువు కట్టించాడు, ఎదురుకొండ మీది హాన్‌స్టైన్ కోటకు కళ్ళెం వేయడానికి. 1908లో ఎన్నో నార్టెన్ అనే వాండర్‌ఫోగెల్ కుర్రాడు తిరుగుతూ తిరుగుతూ పాడుబడ్డ ఈ కోట దగ్గరికి వచ్చి మనసు పారేసుకున్నాడు. తర్వాత యుద్ధం వచ్చింది. వెళ్ళిన స్నేహితుల్లో చాలామంది తిరిగి రాలేదు. బతికి వచ్చినవాళ్ళు చందాలు పోగేసి 1920లో కోటను కొన్నారు, చచ్చిపోయినవాళ్ళ స్మారకంగా. రాతివిగ్రహం పెట్టి ఊరుకోకుండా, తర్వాతి పిల్లలు వచ్చి పడుకునే ఇల్లుగా చేశారు. ఇప్పటికీ అదే పని జరుగుతోంది. మేము వెళ్ళిన రోజు ఆవరణ నిండా పిల్లలు, తాడు మీద ఆరేసిన మేజోళ్ళు.

జర్మన్ యువజన ఉద్యమ ఆర్కైవ్ ఇక్కడే ఉంది, 1922 నుంచి. ముందుగా ఉత్తరం రాసుకుని వెళితే చూపిస్తారు. యూలియుస్ గ్రోస్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు ముందుపెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నిక్కర్లు, భుజాన గిటారు, వీపున మూటకు వేలాడే మసిపట్టిన వంటగిన్నె. ఆడపిల్లలు కూడా ఉన్నారు, 1907 తర్వాత కొన్ని శాఖలు వాళ్ళనూ చేర్చుకున్నాయి. దాని మీద పెద్ద గొడవలే అయ్యాయి. ఇంకో గొడవ అంత తేలిగ్గా చెప్పుకునేది కాదు. 1913లో త్సిట్టావ్ అనే ఊళ్ళో ఒక అమ్మాయిని యూదురాలని చేర్చుకోలేదు. అది పత్రికలకెక్కి దేశమంతా రచ్చ అయింది. అంతకు ఏడాది ముందే యూదుల పిల్లలు 'నీలం-తెలుపు' అని తమ సొంత నడక సంఘం పెట్టుకున్నారు. గడ్డివాము అందరిదీ అని పాడుకున్న పిల్లలే గడ్డివాము దగ్గర కులం అడిగారన్నమాట.

రాత్రి కోట బయట పచ్చికలో ఒక స్కౌట్ గ్రూపు నల్లటి గుడారాలు వేసింది. కోటె అంటారు, నడినెత్తిన పొగ పోవడానికి రంధ్రం ఉంటుంది. ఉత్తర ధ్రువం వైపు లాప్‌లాండ్ వాళ్ళ గుడారం చూసి ఎబర్‌హార్డ్ కోబెల్ అనే యువనాయకుడు రూపొందించాడు. మేనకోడల్ని లోపలికి రమ్మన్నారు. నన్ను కూడా మర్యాదకు పిలిచారు గానీ, లోపల అందరికంటే పెద్దదానికి పద్దెనిమిది కూడా ఉండవు. బయట మొద్దు మీద కూర్చున్నాను. గిటారు, పాట, పొగవాసన, ఉల్లిపాయలు మాడుతున్న వాసన. కాసేపటికి ఒక కుర్రాడు గిన్నెలో నూడుల్స్ తెచ్చిచ్చి, ఇండియాలో కూడా స్కౌట్లు ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగాడు.

ఉన్నారు, కానీ మొదట్లో మన పిల్లల్ని రానివ్వలేదు అన్నాను. బేడెన్ పవెల్ స్కౌట్లలో దొరల పిల్లలకే చోటు. అందుకని మద్రాసులో అనీ బీసెంట్ 1916లో భారతీయ పిల్లలకు వేరే సంఘం పెట్టించింది, టోపీ బదులు తలపాగా. 1921లో బేడెన్ పవెల్ స్వయంగా వచ్చాక రెండూ కలిశాయి. మరి మీరు ఎక్కడెక్కడ నడిచారు అన్నాడు. నేను హైస్కూల్లో స్కౌట్‌నే. 1980 కృష్ణా పుష్కరాల్లో బెజవాడ ఘాట్ల దగ్గర మంచినీళ్ళు పోశాం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చాం, ఆగస్టు 15కి కవాతు చేశాం. నాగార్జునసాగర్‌కు లారీలో పోయాం. కానీ నలుగురం కలిసి, మాస్టారు లేకుండా, పక్క ఊరికి కూడా నడిచింది లేదు. సేవ నేర్పారు, బుద్ధిగా నేర్చుకున్నాం. దారి తప్పే అవకాశం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

అక్టోబరు 7, హాన్‌స్టైన్

ఎదురుకొండ కోటకు పోవాలంటే లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. ఇప్పుడు గంటన్నర నడక. 1989 వరకు అసలు పోలేకపోయేవారు, మధ్యలో తూర్పు జర్మనీ సరిహద్దు. హాన్‌స్టైన్ శిథిల బురుజు మీదినుంచి వాళ్ళ సైనికులు కాపలా కాసేవారు. లుడ్విగ్‌స్టైన్ పిల్లలు కిటికీలోంచి చూస్తే కనపడేది ఆ బురుజే.

దారిలో వెర్లెస్‌హౌసెన్ అనే ఊరుంది. దీని కథ తమాషా. 1945లో గెలిచిన దేశాలు జర్మనీని పంచుకున్నప్పుడు ఇది సోవియట్ల వాటాలో పడింది. కానీ అమెరికన్లకు కావలసిన రైలు మార్గం ఓ నాలుగు కిలోమీటర్లు ఆ వాటాలోంచి పోతోంది. రైళ్ళు ఆగిపోతున్నాయని సెప్టెంబరు 17న ఇరుపక్షాల అధికారులు కూర్చుని ఊళ్ళు మార్చుకున్నారు. వెర్లెస్‌హౌసెన్, ఇంకో పల్లె అమెరికన్లకు, అటువైపు అయిదు పల్లెలు సోవియట్లకు. ఒప్పందం కుదిరాక విస్కీ, వోడ్కా సీసాలు ఇచ్చిపుచ్చుకున్నారట. ఇప్పటికీ దాన్ని విస్కీ-వోడ్కా గీత అంటారు. ఊళ్ళోవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు.

హాన్‌స్టైన్ కింద పల్లెలో భోజనం. ఈ ప్రాంతం సాసేజ్‌కి పేరు. పచ్చి పందిమాంసం కూరి నెలల తరబడి ఆరబెడతారు, పేరుకు అర్థం కూడా 'పాత సాసేజ్' అనే. దూలాలకు వేలాడదీసి ఉంటాయి. నేను తిన్నాను, ఉప్పుచేప తిన్నంత గాఢంగా ఉంది. మేనకోడలు శాకాహారి అయిపోయిందట నిరుడు. దానికి ఉడకబెట్టిన బంగాళాదుంపలు, గుడ్లు, పైన ఏడురకాల ఆకులు నూరిన చల్లటి పచ్చ సాస్. నా పళ్ళెం కన్నా అదే బాగుంది. వడ్డించినావిడ నేను సగం వదిలేయడం చూసి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఆహారం పారెయ్యడం వాళ్ళకూ పాపమే.

1913 అక్టోబరు 10 రాత్రి ఈ శిథిలంలోనే వేర్వేరు యువజన సంఘాల ప్రతినిధులు సమావేశమై వాదించుకున్నారు. లైప్‌జిగ్ యుద్ధంలో నెపోలియన్ ఓడి వందేళ్ళు. దేశమంతా కవాతులు, బీరు, దేశభక్తి ప్రసంగాలు. మాకా గోల వద్దు, మా పండగ మేం చేసుకుంటాం అన్నది వీళ్ళ పట్టుదల. ఎందుకు వద్దో అందరికీ తెలుసు. ఏం కావాలన్న దగ్గరే ఎవరి మాట వాళ్ళది. మర్నాడు ఇక్కడినుంచి మైస్నర్ కొండకు వెళ్ళారు.

అక్టోబరు 8, మైస్నర్

మా బావగారు సెలవు పెట్టి కారు తీశారు, చెల్లెలు కూడా వచ్చింది. మైస్నర్ ఎత్తు 754 మీటర్లు, మన అరకు కంటే తక్కువే. కానీ ఒంటరిగా నిలబడ్డ కొండ కావడంతో మబ్బంతా దాని నెత్తినే కూర్చుంటుంది. పది అడుగుల అవతల మనిషి కనపడలేదు. కొండలో బొగ్గు ఉంది, వందల ఏళ్ళు తవ్వారు. ఒకచోట లోపలి పొర ఇంకా నిప్పుపట్టి రగులుతూనే ఉందట. గంధకం వాసన ముక్కుకు కొట్టింది. "దీపావళి వాసన" అంది చెల్లెలు. తూర్పు వాలులో ఒక చెరువు, అందులో హొల్లె అవ్వ ఉంటుందని కథ. ఆవిడ పరుపు దులిపితే భూమ్మీద మంచు కురుస్తుంది.

1913లో పిల్లలు చేరిన పచ్చిక ఈ కొండ మీదే. రెండు వేల పైచిలుకు వచ్చారు. అక్కడ చేసుకున్న తీర్మానం ఇప్పటికీ జర్మన్ స్కౌట్లు చెప్పుకుంటారు. మేనకోడలు జర్మన్‌లో గడగడా అప్పజెప్పింది. మా జీవితాన్ని మా నిర్ణయంతో, మా బాధ్యత మీద, లోపలి నిజాయితీతో మేమే మలచుకుంటాం, ఈ స్వేచ్ఛ కోసం ఏం జరిగినా కలిసి నిలబడతాం అని సారాంశం. ఆ వెంటనే ఇంకో వాక్యం: ఉమ్మడి కార్యక్రమాల్లో మందు, పొగాకు ఉండవు. తీర్మానం మొదటి భాగానికి తలూపిన మా బావగారు రెండో భాగం విని, కొండ మీది హోటల్లో తాను అప్పటికే చెప్పిన బీరు వంక చూసుకున్నారు.

తీర్మానానికి ఏడాది తిరక్కుండానే, 1914 ఆగస్టులో, ఆ కుర్రాళ్ళు బారులు తీరి సైన్యంలో చేరారు. చాలామంది ఎవరూ బలవంతం చెయ్యకుండానే వెళ్ళారు. సొంత నిర్ణయమే! నాకు దీని దగ్గర మింగుడుపడదు. పెద్దల కవాతు వద్దని కొండెక్కిన పిల్లలు పది నెలల్లో అంతకంటే పెద్ద కవాతులో కలిశారు. తర్వాత నాజీలు ఇంకా తెలివిగా చేశారు. 1933 జూన్‌లో స్వతంత్ర యువజన సంఘాల్ని నిషేధించడం మొదలుపెట్టి, వాళ్ళ మంటలు, పాటలు, గుడారాలు, నిక్కర్లు మాత్రం ఉంచుకున్నారు. 'యువతను నడిపేది యువతే' అన్న మాటను కూడా హిట్లర్ యూత్ నినాదం చేసుకున్నారు. ఒక్కటి తీసేశారు, ఇష్టం లేకపోతే ఇంటికెళ్ళిపోయే హక్కు. 1939కల్లా చేరడం చట్టప్రకారం తప్పనిసరి. అందుకే పాత అలవాటు వదలనివాళ్ళు నేరస్తులయ్యారు. హన్స్ షోల్ అలాంటి ఒక నిషిద్ధ గ్రూపులో తిరిగినందుకు 1937లో అరెస్టయ్యాడు. 1943లో నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు, చెల్లెలు సోఫీతో పాటు ఆయన తల నరికారు.

ఇదంతా నేను బల్ల దగ్గర చెబుతుంటే చెల్లెలు విననట్టే వింది. అసలు సంగతి వేరే ఉంది. వచ్చే వేసవిలో మేనకోడలి గ్రూపు స్వీడన్‌లో రెండు వారాల నడక పెట్టుకుంది. ఫోన్లు ఉండవు. అందరికంటే పెద్దది ఆ పదిహేడేళ్ళ లీడర్ పిల్లే. ఫారం మీద సంతకం కోసం ఇంట్లో నెలరోజులుగా నడుస్తున్న యుద్ధం ఇది. నన్ను పిలిపించింది కూడా మావయ్య వద్దంటే వింటుందనే ఆశతో అని అప్పుడు అర్థమైంది.

"అన్నయ్యా, నువ్వే చెప్పు దానికి" అంది.

"పంపించు" అన్నాను.

"నీకేం, నువ్వు తెనాలి వెళ్ళిపోతావు. రాత్రిళ్ళు నిద్రలేనిది నాకు."

"మావయ్యా, లుడ్విగ్‌స్టైన్‌లో అడవిలో దారి ఎవరు చూపించారో చెప్పు" అంది మేనకోడలు. చూపించింది ట్రాక్టర్ రైతు. నేను ఆ మాట అనలేదు. బావగారు ఖర్చెంత అని అడిగారు. చెప్పిన అంకె విని, ఇక్కడ మూడు రోజుల స్కీయింగ్‌కి కూడా రాదు, పంపించేద్దాం అన్నారు. చెల్లెలు ఇద్దరి వంకా చూసి, "ముందు ఆ లీడర్ని ఒకసారి భోజనానికి పిలవమనండి, మనిషిని చూస్తాను" అంది.

నేను తెనాలి వచ్చాక ఫోన్లో చెప్పింది. వచ్చిందట ఆ పిల్ల. దోసకాయ పప్పు మూడుసార్లు వేయించుకుందట, తిన్న పళ్ళెం వద్దన్నా వినకుండా తనే కడిగి బోర్లించిందట. వెళ్తూ వెళ్తూ స్వీడన్ మ్యాప్ బల్ల మీద పరిచి ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో గుర్తులు పెట్టి చూపించిందట. సంతకం మాత్రం చెల్లెలు ఇంకా పెట్టలేదు.